రోడ్డు మీద బ్రెగ్జిట్ హిసాబ్

2021 సెప్టెంబర్ 28 నుంచి బ్రిటన్ కారు యూరప్‌లోకి వెళ్ళాలంటే వెనకాల "యూకే" అన్న రెండక్షరాలు ఉండాలి. అంతకు ముందు వందేళ్ళకు పైగా అక్కడ "జీబీ" ఉండేది. పాత జీబీ స్టిక్కర్ ఉన్నవాళ్ళు దాన్ని గీకి తీసేయాలి, లేదంటే కనపడకుండా కప్పేయాలి. నంబర్ ప్లేటు మీద యూరోపియన్ యూనియన్ చుక్కల వలయం, దాని కింద జీబీ ఉన్నవాళ్ళు కూడా పక్కన కొత్త స్టిక్కర్ అంటించుకోవాలి. స్పెయిన్, సైప్రస్, మాల్టా వెళ్ళేవాళ్ళయితే ప్లేటు మీద యూకే అని ఉన్నా సరే, స్టిక్కర్ వేరేగా కావాల్సిందే. ఐర్లండ్‌కి మాత్రం ఏదీ అక్కర్లేదు.

స్టిక్కర్ ఖరీదు ఒకటో రెండో పౌండ్లు. దానికోసం ఎవరూ అప్పు చెయ్యరు. మనకూ ఇలాంటిది కొత్త కాదు. 2014లో రాష్ట్రం రెండయ్యాక తెలంగాణ బండ్ల మీద ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. అక్షరాలు మారినందుకు ఎవరికీ నిద్ర పట్టకుండా పోలేదు. కానీ 2015 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రా రిజిస్ట్రేషన్ ఉన్న బస్సులూ లారీలూ తెలంగాణలోకి రావాలంటే పన్ను కట్టాలన్నప్పుడు, నిన్నటిదాకా ఒకే రాష్ట్రంలో తిరిగిన డ్రైవర్‌కి బట్వారా అంటే ఏమిటో అర్థమైంది. నాకా దగ్గర బండి ఆగినప్పుడే అలాంటివి తెలుస్తాయి.

బ్రిటన్ కథ కూడా అంతే. దాని గురించి టీవీల్లో, పత్రికల్లో వచ్చినదంతా ఎగుమతులు, దిగుమతులు, పౌండు విలువ, ప్రధానమంత్రుల రాకపోకలు. కారు తీసుకుని ఫెర్రీ ఎక్కే ఇంటాయనకి, పిల్లలతో ఎయిర్‌పోర్టు లైన్లో నిలబడ్డ ఇల్లాలికి ఏమైందన్నది చివరి పేజీ ఖబర్‌గా మిగిలిపోయింది. నాకు ఆ చివరి పేజీ మీదే ఆసక్తి. మన మొహల్లాల్లో ఇప్పుడు గల్లీకో కుర్రాడు లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉన్నాడు. అక్కడ డాక్టర్లుగా స్థిరపడి పాస్‌పోర్ట్ మార్చుకున్న ఖాందాన్లు ఉన్నాయి. నిన్న మొన్న స్టూడెంట్ వీసా మీద వెళ్ళిన పిల్లలున్నారు. ఈ విషయం మన ఇళ్ళలోకి కూడా వచ్చింది.

తారీఖులు ఒకసారి గుర్తు చేసుకుందాం. 2016 జూన్ 23న రిఫరెండం. విడిపోదామన్నవాళ్ళు 51.9 శాతం, ఉందామన్నవాళ్ళు 48.1. 2020 జనవరి 31న కాగితం మీద విడిపోయారు. ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా పాత కాయిదాలే నడిచాయి. అసలు జిందగీ మారింది 2021 జనవరి 1న.

విడిపోదామన్నవాళ్ళ ప్రచారానికి గుర్తుగా మిగిలింది ఒక ఎర్ర బస్సు. యూరప్‌కి వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నాం, ఆ డబ్బు మన ఆస్పత్రులకి పెడదాం అని దాని మీద పెద్ద అక్షరాల్లో రాశారు. ఆ లెక్క తప్పుదోవ పట్టించేదని అక్కడి గణాంకాల సంస్థే ఓటింగ్‌కి ముందే చెప్పింది. బస్సు ఆగలేదు. పగ్గాలు మళ్ళీ మన చేతికి రావాలి అన్నది నారా. ఉర్దూలో ఖుద్‌ముఖ్తారీ అంటాం, తెలుగులో సార్వభౌమత్వం. మాట పెద్దది, ఇజ్జత్ ఉన్న మాట. దాన్ని నేను వెక్కిరించను. ఎవరి ఇంటి ఫైసలా వాళ్ళు చేసుకోవాలనుకోవడంలో తప్పేముంది? నా పేచీ ఒక్కటే. ఆ బస్సు మీద బీమా కాగితం గురించి రాయలేదు, డ్రైవింగ్ లైసెన్స్ గురించి రాయలేదు. యూరప్‌లో స్వేచ్ఛగా తిరగడం అనేది ఒక్క గేటు కాదు, డజన్లకొద్దీ ముఆహిదాల ముడి. బీమాకి ఒకటి, లైసెన్స్‌కి ఒకటి, ఫోన్‌కి ఒకటి, ఆస్పత్రికి ఒకటి, టిఫిన్ డబ్బాకి ఒకటి. పెద్ద తాడు తెంపితే ఈ చిన్న దారాలన్నీ ఒకేసారి తెగుతాయి. మళ్ళీ ఒక్కొక్కటే ముడి వెయ్యాలి. ముడి పడేదాకా పడే తక్లీఫ్ ఓటు అడిగినవాడిది కాదు, ఓటు వేసినవాడిది.

బీమా సంగతి చూడండి. యూనియన్‌లో ఉన్నన్నాళ్ళూ ఒక దేశంలో తీసుకున్న మోటారు బీమా మిగతా దేశాలన్నిటిలో కనీసం థర్డ్ పార్టీ మేరకు చెల్లేది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. 2021 జనవరి 1న బ్రిటన్ బండ్లకి "గ్రీన్ కార్డ్" అనే సబూత్ కాగితం కావాల్సి వచ్చింది. కారు వెనక క్యారవాన్ లాగితే దానికి ఇంకొకటి. పేరుకి గ్రీన్ కార్డే గానీ అప్పటికే తెల్ల కాగితం మీద అచ్చేసుకున్నా చెల్లుతుందన్నారు. బీమా కంపెనీకి ఫోన్ చేసి, పోస్టులో వచ్చేదాకా ఆగి, అప్పుడు బయల్దేరాలి. ఏడు నెలలు ఇదే తమాషా. చివరికి 2021 ఆగస్టు 2 నుంచి యూనియన్ ఆ కాగితం అక్కర్లేదని మాఫీ చేసింది. అంటే ఒక దారం మళ్ళీ ముడిపడింది.

కానీ దాని పక్కనే ఉన్న ఇంకో దారం తెగింది తెగినట్టే ఉంది. దాని గురించి ఎక్కువమందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. బ్రిటన్ కారు ఫ్రాన్స్‌లోనో ఇటలీలోనో ప్రమాదానికి గురైందనుకోండి, తప్పు అవతలివాడిది. పాత రోజుల్లో బాధితుడు ఇంటికి తిరిగొచ్చి, ఆ విదేశీ కంపెనీ బ్రిటన్‌లో పెట్టిన ప్రతినిధి దగ్గర, తన భాషలో, దావా వేసుకునేవాడు. అవతలివాడికి బీమానే లేకపోతే బ్రిటన్‌లోని మోటారు బీమా సంస్థ నుంచి పరిహారం అడిగే దారి ఉండేది. ఇప్పుడు ఆ రెండు హక్కులూ లేవు. ఎక్కడ ప్రమాదం జరిగిందో ఆ దేశంలోనే, ఆ దేశపు కానూన్ ప్రకారం, చాలాసార్లు ఆ దేశపు భాషలోనే నడిపించుకోవాల్సి రావచ్చు. చెయ్యి విరిగినవాడు ఇటాలియన్ వకీలుని వెతుక్కోవాలి! స్టిక్కర్ పోతే ఇంకోటి కొనుక్కుంటాం. ఈ హక్కు ఏ పెట్రోల్ బంకులోనూ అమ్మరు. పైగా స్వదేశంలో ఫుల్ కవర్ ఉన్న పాలసీ సరిహద్దు దాటగానే థర్డ్ పార్టీగా కుంచించుకుపోవచ్చు. అది ముందూ ఉంది, కానీ ఇప్పుడు దాని బరువు ఎక్కువ.

లైసెన్స్ కథ వేరు. సెలవులకి వెళ్ళేవాళ్ళకి పెద్ద ముష్కిల్ రాలేదు, బ్రిటన్ ఫొటోకార్డ్ లైసెన్స్ చూపిస్తే చాలు. దెబ్బ తగిలింది అక్కడే ఉండిపోయినవాళ్ళకి. స్పెయిన్‌లో రిటైరై, ఎండకి వెళ్ళి స్థిరపడ్డ బ్రిటిష్ ముసలివాళ్ళు చాలామంది. సకాలంలో లైసెన్స్ మార్పించుకోనివాళ్ళకి, ఆ తర్వాత వచ్చి ఉంటున్నవాళ్ళకి 2022 మే 1 నుంచి స్టీరింగ్ పట్టుకునే హక్కు పోయింది. రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి 2023 మార్చి 16న అమల్లోకి వచ్చింది. పదిన్నర నెలలు! నలభై ఏళ్ళు కారు నడిపిన మనిషి డ్రైవింగ్ స్కూల్లో చేరి స్పానిష్ పరీక్ష రాయాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. బస్సు రాని ఊళ్ళో, కొండ మీద ఇంట్లో ఉండే ముసలి జంటకి దవాఖానాకి వెళ్ళడం కూడా పొరుగువాడి మెహర్బానీ అయిపోయింది.

ఇది చదివి మన పిల్లలు నవ్వుతారని నాకు తెలుసు. ఇండియా లైసెన్స్‌తో బ్రిటన్ వెళ్ళినవాడికి అక్కడ ఉండటం మొదలైన రోజు నుంచి 12 నెలలే గడువు. ఆ తర్వాత థియరీ పరీక్ష, రోడ్డు పరీక్ష, ఫీజులు, ఇంతిజార్. మార్పిడి సౌకర్యం లేదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పదేళ్ళు బండి నడిపి, ఎవరినీ గీరకుండా బయటపడ్డ ఉస్తాద్ కూడా అక్కడ నేర్చుకునేవాడి ఎర్ర ఎల్ బోర్డు తగిలించుకోవాల్సిందే. స్పెయిన్‌లో ఆ ముసలాయనకి పదిన్నర నెలలు పట్టిన బాధ మనవాళ్ళకి రివాజ్.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఆపా కూతురు మాంచెస్టర్‌లో ఉంటుంది. దామాద్‌ది బ్రిటిష్ పాస్‌పోర్ట్, అక్కడే పుట్టాడు. తను మాత్రం ఇండియా పాస్‌పోర్ట్ వదల్లేదు. అమ్మీ అబ్బా ఇక్కడున్నారు, రేపు ఏదైనా అవసరమొస్తే వీసా కోసం ఆగకూడదని. పెళ్ళైన కొత్తలో, 2019లో, ఇద్దరూ కారులో ఫ్రాన్స్ వెళ్ళొచ్చారు, ఆ తర్వాత ఒకసారి విమానంలో బార్సిలోనా. తనకి వీసా కావాల్సిందే గానీ, యూరోపియన్ పౌరుడి భార్య కాబట్టి ఫీజు లేదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ అడగలేదు, నికాహ్ కాగితం, ఆయన పాస్‌పోర్ట్ చూపిస్తే చాలింది. అది ఎవరి మెహర్బానీ కాదు, యూనియన్ పౌరుడు ఇంకో సభ్యదేశానికి వెళ్తే అతని కుటుంబానికి ఉండే హక్కు. ఎయిర్‌పోర్టులో కూడా భర్తతో పాటు యూరోపియన్ల లైన్లోనే నిలబడింది.

2021 నుంచి ఆయన యూరోపియన్ పౌరుడు కాదు. కాబట్టి తను ఆయన భార్యగా ఎవరూ కాదు, వట్టి ఇండియన్ టూరిస్టు. ఇప్పుడు వీసా ఫీజు 90 యూరోలు (2024 జూన్‌లో 80 నుంచి పెంచారు), దాని మీద ఏజెన్సీ చార్జీ, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకి సరిపడే బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగ్, అన్నిటికంటే ముష్కిల్ అపాయింట్‌మెంట్ దొరకడం. పిల్లలకి తండ్రి పాస్‌పోర్టే కాబట్టి వాళ్ళకి వీసా అక్కర్లేదు. అంటే స్కూలు సెలవులకి నలుగురు బయల్దేరాలంటే ముగ్గురు ఇవాళే వెళ్ళగలరు, అమ్మ మాత్రం వీసా కేంద్రం తారీఖు ఇచ్చేదాకా ఆగాలి.

పోయినసారి ఫోన్లో అడిగాను, ఎలా ఉంది బేటీ సఫర్ అని.

"బాగానే ఉంది మామూ. ముందు నేను ఆయన లైన్లో నిలబడేదాన్ని. ఇప్పుడు ఆయన నా లైన్లో నిలబడుతున్నారు," అంది.

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట వదల్లేదు. "అన్ని పాస్‌పోర్టులు" అని బోర్డు ఉన్న ఆ పొడుగాటి లైన్ మనకి ఖాందానీ ఆస్తి లాంటిది. వేలిముద్రలు, ఫొటో, ఎన్ని రోజులుంటారు, తిరుగు టికెట్ చూపించండి, జేబులో ఎంతుంది, ఇవన్నీ మనకి బిస్మిల్లా నుంచీ తెలుసు. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాడికి ఇది కొత్త సబక్. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. పాస్‌పోర్ట్ జారీ అయి, ప్రవేశించే రోజుకి పదేళ్ళు దాటి ఉండకూడదు. తిరిగొచ్చే రోజు నుంచి ఇంకా మూడు నెలలు గడువు ఉండాలి. ఈ పదేళ్ళ నిబంధన చాలామందిని ఎయిర్‌పోర్టు గుమ్మం నుంచే వెనక్కి పంపింది. ఎందుకంటే 2018 సెప్టెంబర్ దాకా బ్రిటన్‌లో పాత పాస్‌పోర్టులో మిగిలిన నెలలు కొత్తదానికి కలిపేవాళ్ళు, గరిష్ఠంగా తొమ్మిది నెలలు. గడువు తేదీ చూస్తే ఇంకా బోలెడుంది. జారీ తేదీ చూస్తే పదేళ్ళు దాటిపోయింది. కౌంటర్ దగ్గర మనిషి గడువు తేదీ మీద వేలు పెట్టి చూపిస్తాడు, అవతలివాడు జారీ తేదీ మీద వేలు పెడతాడు. హాలిడే అక్కడితో ఖతమ్.

2025 అక్టోబర్ 12న యూరప్ కొత్త ప్రవేశ-నిష్క్రమణ వ్యవస్థ మొదలుపెట్టింది, విడతలవారీగా. పాస్‌పోర్ట్ మీద ముద్ర బదులు కంప్యూటర్‌లో ముఖం, నాలుగు వేళ్ళు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వేలిముద్రలు అడగరు. మా భాంజీ వేలిముద్రలు వీసా కేంద్రంలో ఎప్పుడో తీసుకున్నారు. ఇప్పుడు దామాద్ వంతు. దీని తర్వాత ముందస్తు ఇజాజత్ ఒకటి రాబోతోంది, రుసుము 20 యూరోలు. బదులుకి బదులుగా బ్రిటన్ కూడా 2025 ఏప్రిల్ నుంచి యూరోపియన్ల దగ్గర అలాంటి ఇజాజత్‌కే 16 పౌండ్లు తీసుకోవడం మొదలుపెట్టింది. పొరుగిళ్ళవాళ్ళు గోడ కట్టుకుని, ఆ గోడకి పెట్టిన తలుపుకి టికెట్ పెట్టినట్టుంది.

కారులో వెళ్ళేవాళ్ళకి ఈ తనిఖీ అంతా డోవర్ రేవులో. అక్కడి ఏర్పాటు విచిత్రంగా ఉంటుంది, ఫ్రెంచి పోలీసులు ఇంగ్లండ్ నేల మీదే కూర్చుని పాస్‌పోర్టులు చూస్తారు. ముద్ర కొట్టడానికి మనిషికి కొన్ని సెకన్లే ఎక్కువ. కారులో ఐదుగురుంటే ఆ సెకన్లు ఐదింతలు, బస్సులో యాభైమంది ఉంటే యాభై ఇంతలు, వెనక రెండు వేల కార్లుంటే హిసాబ్ మీరే వేసుకోండి. 2022 జూలై 22న, స్కూళ్ళకి సెలవులిచ్చిన వారాంతంలో, రేవు అధికారులు అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ మొదటి వారాంతంలో స్కూలు పిల్లల టూర్ బస్సులు రాత్రంతా నిలిచిపోయాయి, కొన్ని 12 గంటలకు పైగా. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే మొదటిసారి ఫ్రెంచి సిబ్బంది తక్కువగా ఉన్నారు, రెండోసారి వాతావరణం బాగాలేదు. కానీ సిబ్బంది తక్కువగా ఉండటం, గాలివాన రావడం 2019కి ముందు కూడా జరిగేవి. అప్పట్లో పాస్‌పోర్టు ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. ఒక బస్సు మీద నారా రాసి ఓట్లు అడిగారు, ఏడేళ్ళకి వేరే బస్సుల్లో పిల్లలు తెల్లారేదాకా కూర్చున్నారు.

లారీల సంగతి ఇంకా ముందే మొదలైంది. 2021లో మొదటి నెలల్లో యూరప్‌కి వెళ్ళే పెద్ద లారీ ఏదైనా డోవర్ ఉన్న కెంట్ జిల్లాలోకి రావాలంటే ముందే పర్మిట్ తీసుకోవాలి, లేకపోతే 300 పౌండ్ల జరిమానా. సొంత దేశంలో ఒక జిల్లాలోకి వెళ్ళడానికి పర్మిట్! ఏప్రిల్‌లో దాన్ని ఎత్తేశారు. రద్దీ ఎక్కువైనప్పుడు లారీలని రోడ్డు మీదే వరసగా నిలబెట్టే ఏర్పాటు మాత్రం అలాగే ఉంది. అక్కడి జనం దానికి అలవాటు పడిపోయారు, మనం పండగ ముందు టోల్‌గేటు క్యూకి అలవాటు పడ్డట్టు.

టిఫిన్ డబ్బా అన్నాను కదా. 2021 జనవరిలో, కొత్త కాయిదాలు వచ్చిన రోజుల్లో, హాలండ్ రేవులో కస్టమ్స్ వాళ్ళు బ్రిటన్ నుంచి వచ్చిన డ్రైవర్ల శాండ్‌విచ్‌లు జప్తు చేస్తున్న వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. మాంసం, పాలతో చేసినవి బయటి దేశం నుంచి యూనియన్‌లోకి రాకూడదు, బ్రిటన్ ఇప్పుడు బయటి దేశం. ఆ శాండ్‌విచ్‌లో ఉన్నది హామ్, మనకి దాని మీద రంజ్ లేదు. కానీ అదే కాయిదా మన దమ్ బిర్యానీకీ వర్తిస్తుంది, కబాబ్‌కీ, పనీర్‌కీ, అమ్మీ చేత్తో కాచిన నెయ్యికీ. బర్మింగ్‌హామ్ నుంచి జర్మనీలో ఉన్న తమ్ముడింటికి ఈద్ నాడు కారులో దేగ్చీ పెట్టుకుని వెళ్ళే రోజులు పోయాయి. చేపలు మాత్రం 20 కిలోల దాకా వదులుతారు, కాబట్టి చేపల పులుసు వండేవాళ్ళు ఖుష్. బిస్కట్లకి కూడా మాఫీ ఉంది. ఉస్మానియా బిస్కట్ బచాయించింది, అల్‌హందులిల్లాహ్.

మా దాదా చెప్పేవారు, బెజవాడ నుంచి రైల్లో నిజాం ఇలాఖాలోకి రాగానే కరోడ్‌గిరీ మహకమా వాళ్ళు ఎక్కి పెట్టెలు తెరిపించేవారట. రియాసత్‌కి సొంత కస్టమ్స్ ఉండేది, బయటి సరుకు మీద మహసూల్ కట్టాలి. కొత్త చీర పాతదిలా కనపడాలని దారిలోనే ఒకసారి కట్టేసేవారట ఆడవాళ్ళు. సరిహద్దు ఉన్నచోట మనిషి అక్కల్ అలాగే పనిచేస్తుంది. ఒక సంగతి గమనించారా, ఈ సరిహద్దు వ్యాపారానికి తెలుగులో మనం వాడే మాటలు చూడండి: తనిఖీ, జప్తు, జరిమానా, మంజూరు, దాఖలు, రద్దు, హద్దు. అన్నీ మన దఫ్తర్ల నుంచి వచ్చినవే. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు ఉర్దూ మీడియం వాడివి ఎలా నెగ్గుకొస్తావని అడిగిన దోస్తులకి నేను ఈ జాబితానే చెప్పేవాణ్ణి.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2017 జూన్ 15 నుంచి యూనియన్ అంతటా రోమింగ్ చార్జీలు లేవు. విడిపోయాక పెద్ద కంపెనీల్లో చాలావరకు మళ్ళీ మొదలుపెట్టాయి, రోజుకి రెండు పౌండ్లు, ఆపైన. ఒకటి రెండు కంపెనీలు వసూలు చెయ్యట్లేదు కూడా. మొదట్లో చార్జీలు పెట్టే ఆలోచన లేదన్నవాళ్ళే తర్వాత పెట్టారు. దారి చూపించే మ్యాప్ ఫోన్లోనే ఉంటుంది కాబట్టి కారువాడు దాన్ని ఆపలేడు.

ఒక్క ఫాయిదా మాత్రం కొందరికి దక్కింది. ఫ్రాన్స్‌లో స్పీడ్ కెమెరాకి దొరికిన బ్రిటన్ కారు యజమాని చిరునామా ఇదివరకు ఆటోమేటిక్‌గా ఫ్రెంచివాళ్ళకి అందేది, ఇంటికి చలానా వచ్చేది. ఆ సమాచార మార్పిడి 2020తో ఆగిపోయింది. రోడ్డు మీద పోలీసు ఆపితే తప్ప కెమెరా చలానా వెంటపడదు. దీన్ని ఆజాదీ అనేవాళ్ళుంటే అనుకోనివ్వండి. ఆ రోడ్డు పక్కన ఇల్లున్నవాడిని కూడా ఒకసారి అడగాలి.

ఫెర్రీ ఎక్కనివాడికి, పాస్‌పోర్టే లేనివాడికి దీనితో ఏం పని అంటారా? 2021 సెప్టెంబర్ చివర్లో బ్రిటన్ పెట్రోల్ బంకులు ఎండిపోయాయి. దేశంలో పెట్రోలు ఉంది, బంకుదాకా తెచ్చే ట్యాంకర్ డ్రైవర్ లేడు. కోవిడ్ వల్ల కొత్త డ్రైవర్ల పరీక్షలు ఆగిపోవడం, పన్ను కాయిదాల మార్పు, తక్కువ జీతాలు, పాతికేళ్ళుగా ఎవరూ బాగుచెయ్యని విశ్రాంతి గదులు, అన్నీ కారణాలే. వాటితో పాటు తూర్పు యూరప్ నుంచి వచ్చి లారీలు తోలిన వేలమంది ఇళ్ళకి వెళ్ళిపోయి తిరిగి రాలేదు. కొరత ఉందన్న వార్త రాగానే జనం ఎగబడ్డారు. టాక్సీవాడు రోజు మజూరీ క్యూలో పోగొట్టుకున్నాడు, నర్సులూ డాక్టర్లూ డ్యూటీకి వెళ్ళలేక ఆరోగ్య సిబ్బందికి ముందు పొయ్యాలని అడగాల్సి వచ్చింది. అక్టోబర్ 4 నుంచి ఫౌజీలు ట్యాంకర్లు తోలారు. ప్రభుత్వం 5,000 మంది విదేశీ డ్రైవర్లకి తాత్కాలిక వీసాలిస్తామని పిలిచింది. కొద్దిమందే పలికారు. ఐదేళ్ళ కింద నువ్వెందుకొచ్చావని అడిగి, ఇవాళ క్రిస్మస్ దాకా వచ్చిపో అంటే ఖుద్దారీ ఉన్నవాడు ఎందుకొస్తాడు? మన గల్ఫ్ భాయీలకి ఈ మాట ఎవరూ వివరించక్కర్లేదు.

విడిపోదామని ఓటేసినవాళ్ళంతా మూర్ఖులని రాసేవాళ్ళతో నాకు పొత్తు కుదరదు. ఫ్యాక్టరీలు మూతబడ్డ ఊళ్ళలో, పదేళ్ళు జీతం పెరగని మనిషికి స్పెయిన్ హాలిడే, రోమింగ్ లాంటివి పెద్ద విషయాలు కావు. అతనికి యూరప్‌లో తిరిగే హక్కు ఉన్నా తిరిగే స్తోమత లేదు. అతని గుస్సా నిజం. కానీ అతని గుస్సాతో గెలిచినవాళ్ళు అతనికి చెప్పని ధర ఒకటుంది. ఆ ధర ధనవంతుడు కట్టలేదు. రెండో పాస్‌పోర్ట్ సంపాదించుకున్నవాడికి లైన్లు లేవు. మాల్టాలో, పోర్చుగల్‌లో డబ్బు పెట్టి కాగితాలు చేయించుకున్నవాడికి 90 రోజుల లెక్క లేదు. కట్టింది లారీ డ్రైవర్, స్కూలు టూర్‌కి ఏడాదంతా డబ్బు కూడబెట్టిన తల్లిదండ్రులు, రెండు పాస్‌పోర్టుల ఖాందాన్.

తెగిన దారాలు మళ్ళీ ఒక్కొక్కటే ముడిపడుతున్నాయి. 2025 మే 19న లండన్‌లో రెండు పక్షాలూ కూర్చుని, బ్రిటిష్ ప్రయాణికులు యూరప్‌లో ఈ-గేట్లు ఎక్కువగా వాడుకునేలా చూద్దామని, తిండి సరుకుల తనిఖీలు తగ్గించే ఒప్పందం కుదుర్చుకుందామని, పిల్లులకీ కుక్కలకీ మళ్ళీ పాస్‌పోర్టులు ఇద్దామని అనుకున్నారు. ప్రస్తుతం పిల్లిని తీసుకెళ్ళాలంటే ప్రతిసారీ పశువుల డాక్టర్ దగ్గర కొత్త సర్టిఫికెట్, మనిషి టికెట్ కంటే ఎక్కువ ఖర్చు కావచ్చు. మా భాంజీ అంటుంది, మామూ, ఇంట్లో పిల్లికి నాకంటే ముందు హక్కు వచ్చేలా ఉంది అని. బ్రిటిష్ పౌరుడి విదేశీ భార్య గురించి ఆ కాగితాల్లో మాట లేదు.

ఈ ఎండాకాలం పిల్లల దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి కారులో యూరప్ చూసొద్దామనుకుంటున్న అమ్మీలూ అబ్బాలూ మనలో ఉన్నారని తెలుసు. బ్రిటన్ వీసాతో ఫ్రాన్స్ వెళ్ళలేరు, షెంగెన్ వీసా వేరు, అది ఇక్కడి నుంచే చేయించుకుని బయల్దేరండి. దామాద్ పాస్‌పోర్ట్‌లో గడువు తేదీ కాదు, జారీ తేదీ చూడమనండి. కారు బీమా ఫుల్ కవర్ అవతల కూడా ఫుల్ కవరేనా అని కంపెనీని రాతపూర్వకంగా అడగమనండి. కబాబ్, పనీర్, నెయ్యి ఇంగ్లండ్‌లోనే వదిలేసి, డబ్బాలో చేపల వేపుడు పెట్టుకోండి.